మేనమామకు 38లో, మేనకోడలికి ఏడేళ్లకు: ఇది ఒకటే షుగరా?

తుంగభద్ర గట్టు (కర్నూలు)
ఆదివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదివేవాడినే తప్ప రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పలేదు.

నాకు 41 ఏళ్లు. 38వ ఏట ఆఫీసులో పెట్టిన వైద్య పరీక్షల్లో షుగర్ ఉందని తేలింది. మా అమ్మకు 55లో వచ్చింది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేను సన్నగా ఉంటాను, అప్పుడు 58 కిలోలు. మాత్రలు రాశారు, రాగి సంగటి తినమన్నారు, నడవమన్నారు. నడిచాను. కొండారెడ్డి బురుజు చుట్టూ నేను తిరిగిన తిరుగుళ్లకు అక్కడి రాళ్లు అరిగి ఉండాలి. రెండున్నరేళ్లలో మాత్రలు ఒకటి నుంచి నాలుగయ్యాయి, బరువు 51కి దిగింది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 10.8కి ఎక్కింది. నేను దొంగచాటుగా తింటున్నానని డాక్టరుగారూ ఇంట్లోవాళ్లూ కలిసి తేల్చేశారు. ఉగాదికి ఓలిగ కూడా ముట్టనివాణ్ని నేను.

చివరికి వేరే డాక్టరు దగ్గరికి వెళితే ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూసి, ఇంకో మాత్ర రాయకుండా రెండు రక్తపరీక్షలు రాశారు. ఒంటి రక్షణ వ్యవస్థ ఇన్సులిన్ కణాల మీద దాడి చేస్తోందా అని చూసే గ్యాడ్ యాంటీబాడీ ఒకటి, ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్ ఒకటి. మొదటిది బాగా ఎక్కువ, రెండోది బాగా తక్కువ. ఇది ‘లాడా’ అన్నారు. పెద్దవాళ్లలో నిదానంగా వచ్చే స్వీయ రోగనిరోధక మధుమేహమట. ఇన్సులిన్ మొదలుపెట్టాక నాలుగు నెలల్లో మళ్లీ మనిషినయ్యాను.

అసలు విషయం ఇప్పుడు. గత నెల అనంతపురంలో మా చెల్లెలి కూతురికి, ఏడేళ్ల పాపకు, టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారీయే ఆగిపోయే షుగర్) బయటపడింది. నాకు రెండున్నరేళ్లు పట్టినది తనకు పది రోజుల్లో అయిపోయింది. దాహం, పక్క తడపడం, వాంతులు, ఆయాసం. మూడు రోజులు ఐసీయూలో ఉంది. ఇప్పుడు ఇంటికి వచ్చింది, బాగానే ఉంది.

బంధువులు ఊరుకుంటారా? ఇది మేనమామ పోలిక అని ఒకరు. మేనరికం చేశారు కాబట్టి అనుభవించండి అని మరొకరు. చెల్లెలిని మా అమ్మ సొంత తమ్ముడికే ఇచ్చాం. చెల్లెలు రోజూ ఫోనులో ఏడుస్తోంది. నాకు పదేళ్ల కొడుకున్నాడు, వాడి సంగతి ఆలోచిస్తే నాకూ నిద్ర పట్టడం లేదు.

అడిగేది ఒక్కటే. నాది, పాపది ఒకే జబ్బా? ఒకే జన్యువులైతే నాకు 38 దాకా ఎందుకు ఆగింది, తనకు ఏడేళ్లకే ఎందుకు వచ్చింది?


ఆదోని అక్క (ఆదోని)
ఆదివారం, ఉదయం 7:52

తమ్ముడూ, జన్యువుల సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. ముందు మీ చెల్లెలికి ఈ మాట చెప్పండి. మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు వచ్చింది, ఇప్పుడు వాడికి 19. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, నాతో పోట్లాడుతున్నాడు, అంతా మామూలే. మొదటి మూడు నెలలు నేను కూడా ఏ పూట ఏం పెట్టానా, ఎక్కడ తప్పు చేశానా అని లెక్కలు వేసుకున్నాను. పిల్లలకు మిఠాయి పెట్టడం వల్ల టైప్ 1 రాదు. ఆ మాటను ఆమె రోజుకు పదిసార్లు వినాలి.

ఇంకొకటి, అనంతపురం ఎండలకు ఇన్సులిన్ జాగ్రత్త. కరెంటు పోతే ఫ్రిజ్‌ను నమ్ముకోవద్దు. కొత్త మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బా పెట్టి దాచండి. నీళ్లు సీసాకు తగలకూడదు. పదిహేను ఎండాకాలాలు ఇలాగే నెట్టుకొచ్చాం.


కారం దోసె (కడప)
ఆదివారం, ఉదయం 8:30

పాప త్వరగా కుదుటపడాలి. కానీ మేనరికం మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయడం నాకు నచ్చదు. మన సీమలో సగం జబ్బులకు అదే మూలమని చిన్నప్పటి నుంచి వింటున్నాం. దీనికి మాత్రం కాదా?


ప్రయోగశాల పక్షి (కడప)
ఆదివారం, ఉదయం 10:15

జన్యుశాస్త్రం పాఠం చెప్పుకుని బతుకుతున్నవాణ్ని, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. ఓపిక లేనివారు దాటేయండి.

ముందు మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది. ఆరో క్రోమోజోము పొట్టి భుజం మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంది. ఈ జన్యువులు చేసే ప్రోటీన్లు పళ్లేల లాంటివి. ప్రోటీన్ ముక్కలను ఆ పళ్లెంలో పెట్టి రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. ఏ ముక్క ఏ పళ్లెంలో కుదురుగా కూర్చుంటుందన్నది పళ్లెం ఆకారాన్ని బట్టి ఉంటుంది. డీఆర్3-డీక్యూ2, డీఆర్4-డీక్యూ8 అనే రెండు రకాల పళ్లేలున్నవారిలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల ముక్కలను పరాయివిగా పొరబడే అవకాశం ఎక్కువ. టైప్ 1కు దారితీసే జన్యుప్రభావంలో దాదాపు సగం ఈ ఒక్క చోటి నుంచే వస్తుంది. మిగతా సగాన్ని 60కి పైగా చోట్లు పంచుకుంటాయి, ఒక్కొక్కటీ చిటికెడు చొప్పున. చిన్నపిల్లలకు వచ్చినా పెద్దలకు వచ్చినా మొదటి ముద్దాయి ఈ హెచ్‌ఎల్‌ఏనే. 2018లో లాడా మీద మొట్టమొదటిసారి మొత్తం జన్యుపటాన్ని జల్లెడ పట్టినప్పుడు కూడా బలంగా తేలినవి టైప్ 1లో తెలిసిన జన్యువులే.

ఇక తేడా. అది ముఖ్యంగా మోతాదులో ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి డీఆర్3, మరొకరి నుంచి డీఆర్4 రెండూ అందినవారికి ప్రమాదం అందరికంటే ఎక్కువ. ఆ జంట చిన్నవయసులోనే జబ్బుపడిన పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ జంట ఉన్న రోగుల వాటా తగ్గుతూ పోతుంది. నలభైలో జబ్బుపడినవారిలో తరచూ ఒక పళ్లెమే ఉంటుంది, లేదా కొంచెం నెమ్మదైన రకాలుంటాయి.

రెండో తేడా నాకు ఇష్టమైనది. 11వ క్రోమోజోము మీద ఇన్సులిన్ జన్యువు ఉంది కదా, దాని ముందు ఒక డీఎన్‌ఏ ముక్క పదేపదే పునరావృతమవుతుంది. కొందరిలో పొట్టిగా, కొందరిలో పొడుగ్గా. ఇది క్లోమం గురించిన సంగతి మాత్రమే కాదు. ఛాతీలో థైమస్ అనే గ్రంథి ఉంది, టీ-కణాలకు (దాడి చేసే రోగనిరోధక కణాలకు) అదే బడి. అక్కడ ‘ఇది మనది, దీన్ని ముట్టకూడదు’ అని చూపించే పాఠాల్లో ఇన్సులిన్ కూడా ఒకటి. పొడుగు రకం ఉన్నవారిలో ఆ పాఠం గట్టిగా చెబుతారు, పొట్టి రకంలో లీలగా చెబుతారు. పాఠం సరిగా వినని టీ-కణాలు బయటికొచ్చి ఇన్సులిన్ మీదే పడతాయి. చిన్నపిల్లల్లో మొదట కనిపించే యాంటీబాడీ చాలాసార్లు ఇన్సులిన్ మీదిదే, అదీ ఒకటి రెండేళ్ల వయసులోనే. డీఆర్4 ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. డీఆర్3 ఉన్నవారిలో మొదట వచ్చేది తరచూ గ్యాడ్ యాంటీబాడీ. పెద్దల్లోనూ ప్రధానంగా కనిపించేది అదే. మీ రిపోర్టులో ఉన్నదీ అదే.

మన దేశపు టైప్ 1 రోగుల్లో డీఆర్3దే పైచేయి అని కూడా గుర్తుంచుకోండి. ఐరోపావారిలో పేరుమోసిన పీటీపీఎన్22 అనే జన్యువులోని మార్పు మన దగ్గర అరుదు. కాబట్టి అక్కడి పటాన్ని ఇక్కడ అచ్చంగా పరచలేం. అయినా అక్కడ తయారైన జన్యు మార్కుల పద్ధతిని (ప్రమాదం పెంచే జన్యువులకు మార్కులు వేసి కూడటం) పుణె రోగుల మీద ప్రయోగిస్తే టైప్ 1ను, పెద్దల్లో మామూలుగా వచ్చే టైప్ 2ను చాలావరకు విడదీయగలిగింది. హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కూడా ఆ పనిలో ఉన్నారు.

మేనరికం సంగతి సాయంత్రం రాస్తాను, క్లాసుకు వేళైంది.


కారం దోసె (కడప)
ఆదివారం, ఉదయం 10:31

ఆదివారం క్లాసేమిటండీ?


ప్రయోగశాల పక్షి (కడప)
ఆదివారం, ఉదయం 10:33

ట్యూషన్. జీతాల సంగతి వేరే చర్చలో పెట్టుకుందాం.


వార్డు రౌండ్లు (అనంతపురం)
ఆదివారం, మధ్యాహ్నం 2:20

జనరల్ మెడిసిన్ పీజీ విద్యార్థిని. పక్షిగారు రాసినదానికి రోగి మంచం పక్క నుంచి కొంత చేరుస్తాను.

లాడా అన్న పేరు 1993లో వచ్చింది. ఫిన్లాండ్‌కు చెందిన టూమి, ఆస్ట్రేలియాకు చెందిన జిమ్మెట్, వారి సహచరులు పెద్దవయసు ‘మామూలు’ షుగర్ రోగుల రక్తంలో గ్యాడ్ యాంటీబాడీలు చూసి పెట్టిన పేరు అది. 30 దాటి ఉండటం, యాంటీబాడీ ఉండటం, రోగం తెలిశాక కనీసం ఆరు నెలలు ఇన్సులిన్ లేకుండా నడవటం, ఈ మూడూ ఉంటే లాడా అంటున్నారు. మూడోది నాకు మొదటి నుంచీ నచ్చదు. అది రోగి లక్షణమా, డాక్టరు ఆలస్యమా? తుంగభద్రగారి విషయంలోనే చూడండి. మొదటి నెలలోనే గ్యాడ్ పరీక్ష చేసి ఇన్సులిన్ ఇచ్చి ఉంటే ఆయనది లాడా అయ్యేది కాదు, ‘పెద్దవయసు టైప్ 1’ అయ్యేది. క్లోమం మాత్రం అదే.

ఆ ఆలస్యానికి ధర ఉంది. బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనంలో, టైప్ 2 అనుకున్న 35 ఏళ్లలోపు వారిలో గ్యాడ్ యాంటీబాడీ ఉన్నవారిని ఆరేళ్లు గమనించారు. 84 శాతం మందికి ఇన్సులిన్ అవసరమైంది. యాంటీబాడీ లేనివారిలో 14 శాతం మందికే. ఇది 1997లో అచ్చయిన లెక్క. అయినా సన్నగా ఉన్న మనిషికి మూడో మాత్ర రాసే ముందు ఒక్క క్షణం ఆగేవాళ్లం మాలో ఇప్పటికీ తక్కువ మందే. తుంగభద్రగారూ, మీరు దొంగచాటుగా తినలేదు. ఆ అపవాదు మా వృత్తి తరఫున నేను వెనక్కి తీసుకుంటున్నాను.


ప్రొద్దుటూరు మాస్టారు (ప్రొద్దుటూరు)
ఆదివారం, సాయంత్రం 4:05

నేను రిటైరైన జంతుశాస్త్ర ఉపాధ్యాయుణ్ని. పక్షిగారు చక్కగా చెప్పారు, కానీ ఒక చిక్కు. అంతా జన్యువులే అయితే కవలలిద్దరికీ రావాలి కదా? నా శిష్యుల్లో అచ్చంగా ఒకేలా ఉండే కవలలున్నారు. ఒకడికి టైప్ 1, రెండోవాడికి ఇప్పటికీ లేదు. పందెం కాసి మైసూర్‌పాక్ తింటాడు.


ప్రయోగశాల పక్షి (కడప)
ఆదివారం, రాత్రి 8:40

మాస్టారూ, మీ శిష్యులే ఈ ప్రశ్నకు సగం జవాబు. బ్రిటన్, అమెరికా కవలల లెక్కలు 2001లో వచ్చాయి. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో మొదటివారికి 24 ఏళ్లలోపు జబ్బు వస్తే, రెండోవారికి వచ్చే అవకాశం 38 శాతంగా తేలింది. మొదటివారికి 24 దాటాక వస్తే అది 6 శాతమే. జన్యువులు నూటికి నూరు ఒకటే, అయినా ఇంత తేడా. అంటే వయసు పెరిగాక వచ్చే జబ్బులో జన్యువుల పట్టు సడలి ఉంటుంది, బయటి కారణాలకూ కాలానికీ వాటా పెరుగుతుంది. ఇంకా ఎక్కువ కాలం కనిపెట్టుకుని ఉన్న మరో అధ్యయనంలో, అరవై ఏళ్లు వచ్చేసరికి రెండో కవలల్లో 65 శాతం దాకా జబ్బుపడ్డారు. కాబట్టి మైసూర్‌పాక్ శిష్యుణ్ని అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోమనండి.

ఇప్పుడు మేనరికం. కారం దోసెగారూ, మీరు విన్నది అబద్ధం కాదు, చోటు తప్పింది. ఒకే జన్యువు చెడి, ఆ చెడ్డ ప్రతి తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ అందితేనే వచ్చే జబ్బులున్నాయి. దగ్గరి సంబంధంలో ఆ రెండు ప్రతులూ కలిసే అవకాశం పెరుగుతుంది. షుగర్‌లోనూ అలాంటివి ఉన్నాయి. చూపు నరం దెబ్బతినడంతో కలిసి వచ్చే వోల్ఫ్రామ్ సిండ్రోమ్ ఒకటి, పుట్టిన ఆరు నెలల్లోపే వచ్చే షుగర్‌లో కొన్ని రకాలు మరికొన్ని. వాటిలో సాధారణంగా యాంటీబాడీలు ఉండవు. టైప్ 1 అలాంటిది కాదు. డజన్లకొద్దీ జన్యువుల చిటికెడు చిటికెడు కలయిక అది. ఏ సంబంధమూ లేని ఇళ్లలోనూ, మేనరికమే ఎరగని ఫిన్లాండ్‌లోనూ వస్తుంది. అక్కడైతే ప్రపంచంలోకెల్లా ఎక్కువ.

నిజాయితీగా ఒక మెలిక కూడా చెప్పాలి. డీఆర్3 పళ్లెం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండుసార్లు అందినా ప్రమాదం పెరుగుతుంది. దగ్గరి సంబంధంలో ఒకే పళ్లెం రెండుసార్లు అందే వీలు కొంచెం ఎక్కువే. కాబట్టి సున్నా అనను. కానీ ‘మేనరికం చేశారు కాబట్టి వచ్చింది’ అన్న వాక్యానికి ఆ మెలిక సాక్ష్యం చెప్పదు.


వేదిక నిర్వాహకుడు
ఆదివారం, రాత్రి 9:15

ఇన్సులిన్ ఆపి తాను పంపే పొడి వాడమంటూ ఒక సభ్యుడు ఇక్కడ పెట్టిన వ్యాఖ్యను, ఫోన్ నంబరుతో సహా తొలగించాం. టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్ ఆపడమంటే ఏం జరుగుతుందో తెలియనివారు ఈ చర్చలో రాయకండి.


ఆదోని అక్క (ఆదోని)
ఆదివారం, రాత్రి 9:22

నిర్వాహకుడిగారికి దండం. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు బంధువొకాయన అలాంటి పొట్లమే తెచ్చాడు. గుమ్మం దాటనివ్వలేదు. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. లాభమే.


కారం దోసె (కడప)
సోమవారం, ఉదయం 6:50

మేనరికం మాట వెనక్కి తీసుకుంటున్నాను, మెలిక మాత్రం దాచుకుంటున్నాను. ఇంకో సందేహం. దీన్ని ‘టైప్ 1.5’ అని కూడా అంటారట. బస్సులో అర టికెట్టు లాగా! తుంగభద్రగారి అమ్మగారికి టైప్ 2 ఉంది కదా. ఆ సగం అక్కడి నుంచి వచ్చిందా?


ప్రయోగశాల పక్షి (కడప)
సోమవారం, ఉదయం 7:35

మంచి ప్రశ్న. టైప్ 2కు సంబంధించి అందరికంటే పేరున్న జన్యువు టీసీఎఫ్7ఎల్2. పదో క్రోమోజోము మీద ఉంది, 2006లో బయటపడింది. రెండేళ్ల తర్వాత స్వీడన్, ఫిన్లాండ్ రోగుల్లో చూస్తే లాడావారిలో హెచ్‌ఎల్‌ఏ వంటి టైప్ 1 జన్యువులతో పాటు ఇది కూడా కనిపించింది. పిల్లల టైప్ 1లో దీని పాత్ర కనబడదు. అందుకే లాడాను రెండు జబ్బుల సంగమం అన్నారు. అమ్మగారి వైపు నుంచి మీకు అలాంటిది అంది ఉంటే, బీటా కణాల మీద దాడి నెమ్మదిగా ఉన్నా, ముందే బలహీనంగా ఉన్న కణాలు తట్టుకోలేకపోయాయని ఒక ఊహ చేయవచ్చు.


వార్డు రౌండ్లు (అనంతపురం)
సోమవారం, మధ్యాహ్నం 1:10

ఇక్కడ పక్షిగారితో విభేదిస్తాను. ఆ ‘సంగమం’ నిజంగా ఒక్కో మనిషిలో ఉందా, లేక గుంపులో ఉందా? గ్యాడ్ పరీక్ష వందకు వంద పాళ్లు కచ్చితమైనది కాదు. టైప్ 2 రోగులు మనకు లక్షల్లో ఉన్నారు. అంతమందికి ఆ పరీక్ష చేస్తే, అసలు జబ్బు లేకుండానే తక్కువ స్థాయిలో పాజిటివ్ వచ్చేవారు కొందరుంటారు. వారినీ, నిజమైన టైప్ 1 ఉన్న పెద్దలనూ ఒకే సంచిలో వేసి లాడా అని రాసి జన్యువులు చూస్తే, సగటు నడిమధ్యన పడక ఏమవుతుంది? పాలు, నీళ్లు కలిపి మూడో పానీయం కనిపెట్టామన్నట్టు. 2021లో బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ బృందం ఇదే వాదన చేసింది. నాకు అదే సబబుగా తోస్తోంది. తుంగభద్రగారిలా సన్నగా ఉండి, యాంటీబాడీ బాగా ఎక్కువగా, సీ-పెప్టైడ్ బాగా తక్కువగా ఉన్నవారిది నా దృష్టిలో టైప్ 1. ఆలస్యంగా వచ్చిన టైప్ 1.

అది అంత అరుదూ కాదు. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ (లక్షల మంది ఆరోగ్య, జన్యు వివరాల భాండారం) సమాచారాన్ని జన్యు మార్కులతో వడగట్టి చూస్తే, 60 ఏళ్లలోపు వచ్చిన టైప్ 1లో 42 శాతం 30 దాటాకే వచ్చిందని 2018లో తేలింది. కానీ 30 దాటాక వచ్చే షుగర్ మొత్తంలో అది నూటికి నాలుగే. అందుకే మా కంటికి ఆనదు.


ప్రయోగశాల పక్షి (కడప)
సోమవారం, సాయంత్రం 6:00

ఒప్పుకుంటాను, సగం. గుంపు కలగాపులగమన్నది నిజం. కానీ నలభైలో వచ్చేది, ఏడేళ్లకు వచ్చేది పూర్తిగా ఒకటే అనడమూ కుదరదు. పిల్లల్లో కూడా ఒకే రకం లేదు. అదే ఎక్సెటర్ వారు 2020లో, జబ్బు తెలిసిన కొత్తలోనే చనిపోయిన పిల్లల క్లోమాలను పరిశీలించారు. ఏడేళ్లలోపు పిల్లల్లో దాడి చేసే గుంపులో బీ-కణాలు (యాంటీబాడీలు తయారుచేసే రోగనిరోధక కణాలు) దండిగా ఉన్నాయి, బీటా కణాలు దాదాపు ఊడ్చిపెట్టుకుపోయాయి. పదమూడు, ఆపైన ఉన్నవారిలో బీ-కణాలు తక్కువ, బీటా కణాలు ఇంకా మిగిలే ఉన్నాయి. వయసును బట్టి దాడి తీరే మారుతోంది. పాపకు పది రోజులు, మీకు రెండున్నరేళ్లు. ఆ తేడాకు ఒక కారణం ఇక్కడ ఉండొచ్చు.


తుంగభద్ర గట్టు (కర్నూలు)
సోమవారం, రాత్రి 10:05

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. మా అబ్బాయి గురించి ఎవరూ చెప్పలేదు. జన్యు పరీక్ష చేయించాలా?


వార్డు రౌండ్లు (అనంతపురం)
మంగళవారం, ఉదయం 6:15

రాత్రి డ్యూటీలో ఉన్నాను, క్షమించండి. తండ్రికి టైప్ 1 ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం 17లో ఒకటి అని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్క. తల్లి నుంచి వచ్చే ప్రమాదం దానికంటే తక్కువ. తండ్రికో తల్లికో 11 ఏళ్లలోపే వచ్చి ఉంటే బిడ్డకు ప్రమాదం రెట్టింపు అంటారు. మీకు 38లో వచ్చింది కాబట్టి ఆ రెట్టింపు మీకు వర్తించదు. ఇవి అక్కడి లెక్కలు, మన దగ్గర అచ్చంగా ఇవే అనుకోకండి. 17లో ఒకటి అంటే 16 రాకపోవడం.

జన్యు పరీక్ష వద్దు. ప్రమాదపు పళ్లెం ఉన్నవారిలో ఎక్కువమందికి జబ్బే రాదు, ఆ కాగితం చూసుకుని బెంగపడటం తప్ప ఒరిగేది లేదు. ఏదైనా చూడాలనుకుంటే యాంటీబాడీలు చూడటం మేలు. రెండు రకాల యాంటీబాడీలు కనిపించి, షుగర్ కొద్దిగా తడబడుతున్న దశలో జబ్బును కొంతకాలం వాయిదా వేసే టెప్లిజుమాబ్ అనే మందుకు అమెరికాలో 2022 నవంబరులో అనుమతి వచ్చింది. మీ డాక్టరుగారిని అడిగి నిర్ణయించుకోండి. ఏది చేసినా చేయకపోయినా, దాహం పెరిగినా, ఎప్పుడో మానిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, బరువు తగ్గినా అదే రోజు వేలికొనతో షుగర్ చూడండి. మీ ఇంట్లో మీటర్ ఎలాగూ ఉంది.

మీకు మరో మాట. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోండి. స్వీయ రోగనిరోధక జబ్బులు తోడు వెతుక్కుంటాయి.


తుంగభద్ర గట్టు (కర్నూలు)
శుక్రవారం, రాత్రి 9:30

నిన్న అమ్మానాన్నలను తీసుకుని అనంతపురం వెళ్లి వచ్చాను. పాప నా ఇన్సులిన్ పెన్నునూ తన పెన్నునూ పక్కపక్కన పెట్టి కొలిచింది. “మామా, నీకు ఎన్ని యూనిట్లు?” అని అడిగింది. తనకంటే నాకే ఎక్కువని తెలిశాక చాలా సంతోషించింది. బడిలో చెబుతుందట.

చెల్లెలికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. మైసూర్‌పాక్ దగ్గర నవ్వింది. నెల రోజుల తర్వాత.

అమ్మ మాత్రం అంతా విని, “ఇంతకీ ఆ పళ్లెం ఎవరి వైపు నుంచి వచ్చింది? అమ్మాయి వైపు నుంచా, అల్లుడి వైపు నుంచా?” అంది. “అమ్మా, అల్లుడు నీ తమ్ముడే కదా. ఎటు చూసినా నీ పుట్టిల్లే” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఈ మాట ఇంక ఎక్కడా ఎత్తకండి” అని లేచి సంగటి కెలకడానికి వెళ్లిపోయింది.


ప్రయోగశాల పక్షి (కడప)
శుక్రవారం, రాత్రి 9:48

చిన్న సవరణ. మీ నాన్నగారిని వదిలేశారు. మీ జన్యువుల్లోనూ చెల్లెలి జన్యువుల్లోనూ సగం ఆయనవే.


తుంగభద్ర గట్టు (కర్నూలు)
శుక్రవారం, రాత్రి 9:55

ఆయన అప్పుడే పేపరు అడ్డం పెట్టుకున్నారండీ.